వినపడని వణుకు

మృదువాణిని రొయ్యల కంపెనీలో పెట్టిన మొదటిరోజున షిఫ్టు ఇన్‌చార్జి శేషగిరి, కంప్రెసర్ ఆపరేటరు దాలినాయుణ్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లలో ఒక్కటి కూడా దాలినాయుడి చెవిదాకా చేరలేదు.

"నువ్వు మనిషివా, దున్నపోతువా? నిన్న రీడింగు రాయలేదేం?" అని శేషగిరి మెడనరాలు ఉబ్బేలా అరిచాడు. దాలినాయుడి హెడ్‌ఫోన్లలో మాత్రం, "నిన్న రీడింగు రాయలేదేం?" అని, పక్కింటాయన గోడమీంచి పలకరించినట్టు వినిపించింది. అతను శేషగిరి మొహంకేసి వింతగా చూశాడు. తర్వాత నవ్వేశాడు.

"మరిసిపోనాను సార్. ఇప్పుడే రాసెత్తాను."

ఏడేళ్లలో శేషగిరి, తను తిట్టాక ఆ మనిషి నవ్వడం చూడటం అదే మొదలు. రెండో వాక్యానికి ఆయన గొంతు కూడా తగ్గింది.

కంప్రెసర్ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇదంతా చూస్తున్న వకుళకు కళ్లు చెమర్చాయి. మృదువాణి ఆమె చేసిన యంత్రం. ఆ రోజుకోసం ఆమె ఐదేళ్లు ఎదురుచూసింది.

వకుళ శబ్దశాస్త్రం చదువుకున్న ఇంజినీరు. ఇక్కడికి రాకముందు హైదరాబాదులో ఒక పెద్ద సంస్థలో తొమ్మిదేళ్లు చేసింది. అక్కడి మేనేజరు పదిమందిలో ఆమె పేరు పిలిచే తీరుకే ఆమె సీట్లోంచి లేచి నిలబడేది. తిట్టించుకున్న రోజున బాత్‌రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చునేది. ఆయన అన్న మాటల్లో తప్పు పట్టడానికి పెద్దగా ఉండేది కాదు. పని గురించి ఆయన చెప్పేది చాలాసార్లు నిజమే. మాట నిజమై ఉండీ మనిషిని ఎందుకు చంపుతుంది? ఆ వేడి మాటలో ఉందా, గొంతులో ఉందా? ఈ ప్రశ్నను పట్టుకునే ఆమె విశాఖపట్నం వచ్చి, రుషికొండ మీద ఉన్న ఒక చిన్న సంస్థలో చేరింది.

ఆ సంస్థ డైరెక్టరు త్రివిక్రమ్ ఆమె ఆలోచన విని మరునాడే ఒక గది, ముగ్గురు మనుషులను ఇచ్చాడు. ఆ గదిలోంచి వచ్చిందే మృదువాణి. యంత్రాల మోతలో పనిచేసేవాళ్లు ఎలాగూ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు. మాట్లాడే మనిషి గొంతు మైకులోంచి వెళ్లి, అరసెకనులో చల్లబడి, వినే మనిషి చెవిలో పడుతుంది. పదాలు అవే, గొంతూ ఆ మనిషిదే. తిట్టో బూతుమాటో ఉంటే యంత్రం మింగేస్తుంది, గొంతులోని కాకను దించేస్తుంది.

రొయ్యల కంపెనీ భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉంది. అందులో మూడువందల మంది ఆడవాళ్లు రొయ్యలు వొలుస్తారు. మృదువాణి వచ్చిన మూడు నెలల్లో నాగాలు సగానికి సగం తగ్గాయి. పని మానేసినవాళ్లు కొందరు తిరిగి వచ్చారు. షెడ్డులో మేస్త్రీలతో గొడవలు పోయాయి. సన్యాసమ్మ అనే పాత పనిమనిషి, కూతురు గౌరిని కూడా వెంటబెట్టుకొచ్చి పనిలో చేర్చింది. "ఇప్పుడైతే మా పిల్లనైనా తేవచ్చు. ఎవలూ కసురుకోరు," అని ఆమె అన్న మాటను త్రివిక్రమ్ తన సంస్థ ప్రచార పుస్తకంలో మొదటి పేజీలో వేయించాడు.

ఇదంతా నిజం. తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా వకుళ ఈ మంచిని అబద్ధమనుకోలేకపోయింది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఎందుకంటే మృదువాణి బయటికి వెళ్లడానికి రెండు వారాల ముందే దానిలో లోపం ఆమెకు తెలిసింది.

ఆ ఆదివారం ఆమె ఇంట్లో పరీక్షలు చేస్తోంది. భర్త మురళీధర్ కాలేజీలో చరిత్ర చెబుతాడు, నాటకాలంటే ఇష్టం. రాజుగారిలా హుంకరించి మైకులో పెద్దగా కోప్పడ్డాడు. హెడ్‌ఫోన్లలో వకుళకు ఆయన బజారుకు వెళ్తూ సంచీ అడిగినట్టుంది. తొమ్మిదో తరగతి చదివే కూతురు చిన్మయికి ఉత్సాహం వచ్చింది.

"నేను, నేను!" అని మైకు లాక్కుని, కళ్లు పెద్దవి చేసి, "పాము! అమ్మా, పాము!" అని ఇల్లు అదిరేలా కేక పెట్టింది.

పక్క వాటావాళ్లు తలుపు తీశారు. వకుళ చెవిలో మాత్రం, "పాము. అమ్మా, పాము," అని హాజరు పట్టీ చదివినట్టు వినిపించింది. ఆమె హెడ్‌ఫోన్లు భర్తకిచ్చి మళ్లీ అనమంది. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ వకుళ ఆగిపోయింది.

మరునాడు ఆమె భయంతో అన్న మాటలు అరవై పోగుచేసి యంత్రంలోంచి పంపింది. యాభైఒకటింటిలో భయం ఆనవాలే మిగల్లేదు. కారణం కూడా వెంటనే తెలిసింది. కోపం వచ్చినా భయం వేసినా గొంతు పైకి లేస్తుంది, ఊపిరి పొట్టిదవుతుంది, మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ రెంటినీ యంత్రం విడదీయలేకపోతోంది. కోపమనుకుని భయాన్ని కూడా తుడిచేస్తోంది. విడదీయడం నేర్పాలంటే ఇంకో ఏడాది పడుతుంది.

ఆమె త్రివిక్రమ్ గదికి వెళ్లింది. ఆఫీసులో అందరూ మృదువాణి పెట్టుకునే మాట్లాడుకునేవాళ్లు. అది ఆ సంస్థ మర్యాద.

"సార్, భయాన్ని కూడా తీసేస్తోంది. ఇది ప్రమాదం," అంది వకుళ. ఆమె గొంతు నిజంగానే వణికింది. ఆ వణుకు ఆయనదాకా వెళ్లలేదని ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆయన తల పంకించాడు. "అలాగా. ఆపాలంటారా మరి?"

హెడ్‌ఫోన్లు తీసి టేబులు మీద పెట్టి, ఆపాలని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆయన మొండివాడు కాదు. చెబితే వినేవాడు. కానీ ఆపితే ఏడాది. ఆ ఏడాదిలో డబ్బు పెట్టినవాళ్లు ఉంటారో పోతారో. తన జీవితంలో ఎవరూ అరవని మొట్టమొదటి ఆఫీసు అది. అది మూతపడితే తను మళ్లీ అలాంటి మనుషుల మధ్యకు, ఆ కుళాయి చప్పుడులోకి పోవాలి. ఇదంతా ఆమెకు ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగింది.

"అక్కర్లేదు సార్. తర్వాతి వెర్షనులో సరిచేద్దాం," అంది.

ఆ సాయంత్రం రిపోర్టు ముప్ఫై నాలుగో పేజీలో ఒక వాక్యం రాసింది. "అత్యవసరంగా మాట్లాడినప్పుడు గొంతు తీవ్రత చాలా తగ్గే అవకాశం ఉంది." ఒకసారి చదువుకుని, "చాలా" కొట్టేసి "కొంత" అని పెట్టింది. ఆ పేజీని తర్వాత ఎవరూ చదవలేదు.

పద్నాలుగు నెలలు గడిచాయి.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, వకుళ క్యాంటీనులో పెరుగన్నం తింటూ ఉండగా త్రివిక్రమ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"రొయ్యల కంపెనీలో అమ్మోనియా లీకైంది. ఒకావిడ పోయింది."

చలిగదులకు వెళ్లే అమ్మోనియా గొట్టం అతుకు దగ్గర పగిలింది. పగలడానికి నలభై నిమిషాల ముందునుంచీ వాసన వస్తూనే ఉంది. దాలినాయుడు మూడుసార్లు శేషగిరిని పిలిచాడు. లారీకి సరుకెక్కిస్తున్న శేషగిరి మూడుసార్లూ, "సరే నాయుడూ, ఈ లోడు పంపేసి వస్తా," అన్నాడు. నాలుగోసారి పిలిచే వ్యవధి లేకపోయింది. ఘాటు షెడ్డులోకి కమ్ముకుంది. ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ బయటపడ్డారు. తడినేల మీద జారిపడిన సన్యాసమ్మ లేవలేకపోయింది. దాలినాయుడు మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని లోపలికి దూరి వాల్వు కట్టేశాడు. అతను అలా చేయకపోతే ఇంకా ఎంతమంది పోయేవారో. అతని రెండు కళ్లూ కాలిపోయాయి.

"మూడుసార్లు పిలిచాడు" అన్న మాట దగ్గరే వకుళ ఆగిపోయింది. ఎలా పిలిచి ఉంటాడో, ఎలా వినపడి ఉంటుందో ఆమెకు తెలుసు.

పదోరోజున ఆసుపత్రికి వెళ్లింది. దాలినాయుడు కళ్లకు కట్లతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భార్య నర్సమ్మ గ్లాసులో జావ పట్టుకుని తాగిస్తోంది.

"మెసీను మేడమొచ్చింది," అంది నర్సమ్మ భర్త చెవిదగ్గర.

అతను చేతులు జోడించాడు. తలుపు ఏ వైపు ఉందో తెలియక కిటికీకేసి జోడించాడు. "మీరొచ్చినారా తల్లీ. మీ మెసీనొచ్చినకాడి నుంచే మాకు కూసింత మర్యాద. తప్పు నాదే."

"నీ తప్పేమిటి నాయుడూ?"

"గట్టిగా సెప్పలేకపోనాను. సెప్పిననే అనుకున్నాను తల్లీ. గుండెలు దడదడలాడిపోతంటే సెప్పినాను. కానీ మొన్న టేపు తెచ్చి ఇనిపించినారు. నా గొంతే. 'సార్, వాసనొస్తంది, ఓసారి రండి' అని, బోయినానికి పిలిసినట్టున్నాది. అలగ పిలిస్తే ఎవులొస్తారు? ఆ సన్యాసమ్మ ఉసురు నాకే తగులుతాది."

అతనికి ఊపిరి అందక దగ్గొచ్చింది. నర్సమ్మ వీపు రాస్తూ, "రాత్రీ పగలూ ఇదే మాట మేడం. నాను సరిగ్గా సెప్పలేదు, సరిగ్గా సెప్పలేదని," అంది.

అప్పుడు చెప్పాల్సింది. మాట నాలుక దాకా వచ్చింది కూడా. వకుళ తెచ్చిన బత్తాయిలు మంచంపక్కన పెట్టి, "విశ్రాంతి తీసుకో," అని లేచి వచ్చేసింది. చేసిన తప్పు ఒకటి. దాన్ని ఆ గుడ్డివాడి నెత్తిన వదిలేసి రావడం రెండోది. ఈ రెండోదానికి యంత్రాన్ని కూడా అనడానికి లేదు.

మృదువాణి మెత్తబరచిన మాటలను రొయ్యల కంపెనీ తన దగ్గర దాచుకుంటుంది. దర్యాప్తువాళ్లు వింటున్నది అదే. కానీ యంత్రానికి పాఠం నేర్పడానికని అసలు గొంతులను కూడా రుషికొండ మీది ల్యాబులో ముప్ఫై రోజులపాటు ఉంచుతారు. ముప్ఫైయ్యో రోజు దాటితే వాటంతటవే చెరిగిపోతాయి. ఆ ఏర్పాటు చేసింది కూడా వకుళే.

ఇరవైఆరో రోజున ఆమె త్రివిక్రమ్ ముందు నిలబడింది. ఈసారి ఇద్దరి చెవులకూ ఏమీ లేదు.

"అసలు రికార్డింగు మన దగ్గరుంది సార్."

"తెలుసు."

"దర్యాప్తుకు ఇవ్వాలి కదా."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన మామూలుగా కూడా మెత్తగానే మాట్లాడతాడు. "వకుళగారూ, మనం ఏదీ దాచడం లేదు, చెరపడం లేదు. వాళ్లు అడగలేదు. నాలుగు రోజుల్లో అదే పోతుంది. మీరు ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే ఉండండి చాలు."

"దాలినాయుడు తన తప్పే అనుకుంటున్నాడు సార్."

"అతనికి మన సంస్థ తరఫున ఏం చేయాలో అన్నీ చేద్దాం. ఇక్కడ నలభైమంది ఉన్నారు. వాళ్లకు పిల్లలున్నారు. మీ రిపోర్టులో ముప్ఫై నాలుగో పేజీ కూడా నేను నిన్న చదివాను. 'కొంత' అని రాశారు. అది మీరు రాసిన మాటే."

ఆయన బెదిరించలేదు. జాలిగానే అన్నాడు. వకుళ బయటికి వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో గుమ్మం మీద కూర్చుండిపోయింది. మురళీధర్ బియ్యం కడుగుతున్నాడు. ఆమె అంతా చెప్పింది, "చాలా" కొట్టేసి "కొంత" రాసింది కూడా. ఇంతకాలం ఆ సంగతి ఆయనకు కూడా చెప్పలేదు.

ఆయన గిన్నె పక్కన పెట్టాడు.

"ఆ రోజు పాము అంటే మనం ముగ్గురం నవ్వాం," అన్నాడు. "నాకు అర్థం కాలేదు కాబట్టి నవ్వాను. నీకు అర్థమై ఆగిపోయావు. నేను చూశాను. ఎందుకాగావని అడగలేదు."

"అడిగితే చెప్పేదాన్నో లేదో."

"ఇప్పుడేం చేస్తావు?"

గదిలో చదువుకుంటున్న చిన్మయి తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "అమ్మా, ఆ నాయుడుగారికి కళ్లు మళ్లీ వస్తాయా?" అని అడిగింది.

"రావు."

వకుళ మర్నాడు పొద్దున్నే ల్యాబుకు వెళ్లి మూడు రికార్డింగులనూ, తన పాత రిపోర్టునూ తీసుకుంది. అరవై గొంతుల పరీక్ష తాలూకు కాగితాలు కూడా కలిపింది. దాచుకుని తీసుకోలేదు. తలుపు తెరిచి పెట్టే తీసుకుంది. ఎవరూ ఆపలేదు.

దర్యాప్తు శుక్రవారం పొద్దున, రెవెన్యూ ఆఫీసు హాల్లో జరిగింది. కార్మికశాఖ నుంచి వచ్చిన నడివయసు అధికారిణి మధ్య కుర్చీలో కూర్చుంది. ఒకవైపు శేషగిరి తలవంచుకుని ఉన్నాడు. ఇంకోవైపు నర్సమ్మ భర్త చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ముందు కంపెనీ ఇచ్చిన రికార్డింగులో మొదటి పిలుపు వేశారు.

"సార్, వాసనొస్తంది, ఓసారి రండి."

దాలినాయుడి తల ఇంకా కిందికి వాలిపోయింది.

"ఇందులో తొందరేమీ కనిపించడం లేదే," అంది అధికారిణి కాగితం మీద రాసుకుంటూ.

వకుళ లేచి నిలబడింది. "అది అతని గొంతు కాదండీ. మా యంత్రం మార్చిన గొంతు. అసలుది నా దగ్గరుంది."

హాల్లో కలకలం రేగింది. త్రివిక్రమ్ ఆమెకేసి చూసి కళ్లు మూసుకున్నాడు. అధికారిణి వేయమంది.

మొదటిది, పదకొండు గంటల పది నిమిషాలప్పటిది. మాటలు అవే, ఆ గొంతులో మాత్రం అప్పుడే ఊపిరి ఆడటం లేదు. రెండోది, "సార్! వాసన ఎక్కువైపోతంది సార్! మీరు రావాల!" తర్వాత మూడోది. ఒక మనిషి ప్రాణభయంతో, దగ్గుతో, ఏడుపుతో కేకలు పెడుతున్నాడు. "సార్, నీ కాళ్లట్టుకుంతాను, బేగి రండి సార్! పైపు ఊగిపోతంది! షెడ్డులో ఆడోళ్లున్నారు సార్! బావూ, ఎవులైనా రండిరా!"

శేషగిరి కుర్చీలోంచి లేచి, మళ్లీ కూలబడ్డాడు. "మాటలు విన్నాను, రోజూ చెప్పేదే చెబుతున్నట్టు విన్నాను. నిజం అండీ, ఈ గొంతు నాకు వినపడలేదు. వినుంటే పరిగెత్తుకుని పోనా?" అని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

దాలినాయుడు తలెత్తాడు. కట్లున్న మొహాన్ని గొంతు వచ్చిన వైపుకు తిప్పాడు. "అదుగో," అన్నాడు నర్సమ్మ చెయ్యి పట్టి కుదుపుతూ. "అది నాను. ఇన్నావా? సెప్పినాను. గట్టిగానే సెప్పినాను." నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

అధికారిణి వకుళను అడిగింది. "యంత్రం ఇలా చేస్తుందని మీకు ఎప్పుడు తెలిసింది?"

"పదిహేను నెలల కిందట. అమ్మకముందే."

"తెలిసి ఎందుకు ఆపలేదు?"

ఎన్ని జవాబులున్నాయో. సంస్థ, నలభైమంది, డైరెక్టరుగారి చెవులకు హెడ్‌ఫోన్లు. అన్నీ కొంత నిజమే. "ఆపితే నా పని పోతుందని ఆపలేదు," అంది. "ఆయన ఆపాలా అని అడిగారు. వద్దన్నది నేను." ముప్ఫై నాలుగో పేజీ తీసి ఆమె చేతికిచ్చింది.

ఆ పూటే మృదువాణిని అన్నిచోట్లా తీసేయమని ఉత్తర్వు వచ్చింది. త్రివిక్రమ్ ఆమెతో మాట్లాడకుండానే కారెక్కాడు.

వరండాలో దాలినాయుడు ఆమె అడుగుల చప్పుడు విని ఆగాడు. వకుళ దగ్గరికి వెళ్లింది. "నాయుడూ, ఆసుపత్రిలోనే చెప్పాల్సింది. చెప్పలేదు."

"అవును. సెప్పలేదు," అన్నాడతను. ఇదివరకటి మర్యాద ఆ గొంతులో లేదు. "ఆ దినం మీ ముందర ఏడిసినట్టే ఇన్ని దినాలూ ఏడిసినాను. మీరు పళ్లెట్టి ఎల్లిపోనారు."

నర్సమ్మ అతని చెయ్యి లాగింది. అతను కదల్లేదు. "సన్యాసమ్మ కూతురు బయటున్నాది. అది నన్ను తిట్టుకుంతంది, నా ఒల్లే అమ్మ సచ్చిపోనాదని. మీరే ఎల్లి సెప్పండి."

వకుళ బయటికి వచ్చింది. ఎండ మండిపోతోంది. జీపులు నిలిపే రేకుల నీడలో, ఇరవై ఏళ్ల పిల్ల మోకాళ్లు కావలించుకుని కూర్చుంది. వకుళను చూసి లేచింది.

"ఎవలండి మీరు?"

"నా పేరు వకుళ. మీరు పెట్టుకునే హెడ్‌ఫోన్లలో మాట మెత్తగా వచ్చేది కదా, దాన్ని చేసింది నేను. అది భయాన్ని కూడా తుడిచేస్తుందని నాకు ముందే తెలుసమ్మా. నాయుడు మొత్తుకున్నాడు. వాళ్ల సారుకు వినపడలేదు. మీ అమ్మ..." ఆగి, మళ్లీ మొదలుపెట్టి, వణికే గొంతుతోనే చివరిదాకా చెప్పింది.

గౌరి రెప్పవేయకుండా విన్నది. "తెలిసేనా?" అంది.

"తెలిసే."

ఆ పిల్ల ఒక్కసారిగా అరిచింది. అమ్మను పిలుస్తూ అరిచింది, వకుళను తిట్టింది, నోటికి ఏ మాట వస్తే ఆ మాట అంది. జీపు డ్రైవర్లు లేచి నిలబడ్డారు. గేటు దగ్గరున్న కానిస్టేబులు పరిగెత్తుకొచ్చి, "ఏయ్, ఏటా కేకలు, తగ్గు!" అని గౌరి భుజం పట్టబోయాడు.

"వద్దు, ఆమెను ఆపకండి," అంది వకుళ.

గౌరికి గొంతు పోయి, కూలబడి, ఇక మాట రానంతవరకూ వకుళ అక్కడి నుంచి కదల్లేదు.